చేతిలోని లింకు బల్లమీదికి ఎలా చేరుతుంది?

మా బడిలో శనివారం ఆఖరి పీరియడు కంప్యూటరు గది తొమ్మిదో తరగతివారిది. కిందటి ఏడాది వైజ్ఞానిక ప్రదర్శనకు ముందు వచ్చిన చివరి శనివారంనాడు ఒక అమ్మాయి నోటుపుస్తకం తెరిచి పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. పాత సీసాతో వర్షమాపకం తయారుచేసే పద్ధతిని వాళ్ల నాన్నగారి ఫోనులో చదివిందట. కొలతలూ, బొమ్మా అన్నీ ఆ పేజీలోనే ఉన్నాయి. దాన్ని కంప్యూటరులో తెరిచి, బొమ్మ అచ్చు తీసి, చార్టుకు అంటించాలని ఆమె ఆలోచన.

"లింకు రాసుకొచ్చాను మాస్టారూ" అంది.

నోటుపుస్తకం చూశాను. నాలుగు వరుసలనిండా శాతం గుర్తులు, ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు. ఆ గుర్తుల్ని ఒక్కొక్కటే చూసి, ఒక్కొక్కటే మీట నొక్కింది. పదిహేను నిమిషాలు పట్టింది. తీరా చూస్తే తెరమీద 404 అనే అంకె, పేజీ దొరకలేదన్న మాట! మళ్లీ సరిచూసుకుంది. మళ్లీ అదే జవాబు. పీరియడు ముగియడానికి ఇంకా పావుగంటే ఉంది. ఫోను నాన్నగారి జేబులో ఉంది, నాన్నగారు పొలంలో ఉన్నారు.

ఈ చిక్కు మీలో చాలామందికి ఎదురయ్యే ఉంటుంది. ఫోనులో కనబడిన పేజీ కంప్యూటరులో కావాలి. రెండు యంత్రాల మధ్యా దూరం జానెడే కావచ్చు. అయినా లింకు అటునుంచి ఇటు రావాలంటే దానికొక దారి కావాలి. ఆ దారులేమిటో, ఏ దారిలో ఏం జరుగుతుందో చూద్దాం.

లింకు అంటే ఏమిటి?

ముందుగా ఒక సంగతి గుర్తుంచుకోండి. లింకు పేజీ కాదు, పేజీ ఉండే చోటికి చిరునామా. మీ మామయ్యగారి చిరునామా కాగితంమీద రాసి జేబులో పెట్టుకున్నంతమాత్రాన వాళ్ల ఇల్లు మీ జేబులోకి రాదు గదా!

ఈ చిరునామాల పద్ధతిని రూపొందించినవాడు టిమ్ బెర్నర్స్-లీ. ఆయన జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధన కేంద్రంలో పనిచేస్తూ 1989లో వెబ్ ఆలోచనను ప్రతిపాదించాడు. లింకులో ముందుగా హెచ్‌టిటిపిఎస్ అనే అక్షరాలు, తరువాత రెండు చుక్కలు, రెండు ఏటవాలు గీతలు ఉంటాయి. ఆ రెండు గీతలూ లేకపోయినా పని జరిగేదేనని 2009లో ఆయనే నవ్వుతూ ఒప్పుకున్నాడు. అప్పటికే లోకమంతా వాటిని నొక్కి నొక్కి అలసిపోయింది!

ఆ రెండు గీతల తరువాత ఒంటి గీత వచ్చేవరకూ ఉన్నది స్థలం పేరు. కంప్యూటర్లకు పేర్లు తెలియవు, అంకెలే తెలుసు. అందుచేత పేరు చెబితే అంకె చెప్పే పెద్ద పట్టిక ఒకటి ఇంటర్‌నెట్‌లో ఉంది. ఈ పట్టిక పద్ధతిని పాల్ మొకపెట్రిస్ 1983లో రూపొందించాడు. ఒంటి గీత తరువాత ఉన్నదంతా ఆ స్థలంలో పేజీ ఎక్కడుందో చెప్పే భాగం. ఊరి పేరు తరువాత ఇంటి నంబరులాంటిదన్నమాట.

ఇప్పుడు 404 అన్న జవాబును పరీక్షించండి. ఆ అమ్మాయి స్థలం పేరులో తప్పు చేసి ఉంటే అసలు ఊరే దొరకదు. "సర్వరు దొరకలేదు" అని వచ్చేది. 404 అని వచ్చిందంటే ఊరు దొరికింది, వీధిలోకి వెళ్లాం, ఆ నంబరుగల ఇల్లు మాత్రం అక్కడ లేదు. అంటే తప్పు రెండో భాగంలో ఉంది. చూశారా, యంత్రం ఇచ్చిన చీవాట్లు కూడా ఆలోచించి చదివితే దారి చూపిస్తాయి!

ఐదు అక్షరాలు, ఎనభై ఒక్క గుర్తులు

ఇంతకీ తెలుగు పేజీ లింకులో ఆ శాతం గుర్తులెందుకు? లింకులు ప్రయాణించేటప్పుడు ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, కొన్ని గుర్తులు మాత్రమే వాడాలన్నది మొదటినుంచీ ఉన్న నియమం. తెలుగు అక్షరాన్ని కంప్యూటరు మూడు బైట్లుగా దాచుకుంటుంది. ఒక్కొక్క బైటును ఒక శాతం గుర్తు, రెండు అంకెలుగా రాస్తారు. ఈ అంకెలు మనం వాడే పది అంకెల లెక్కలోవి కావు, పదహారు అంకెల లెక్కలోవి. 9 తరువాత ఇంగ్లీషు ఏ, బి, సి, డి, ఈ, ఎఫ్‌లను కూడా అంకెలుగానే వాడతారు. అంటే ఒక్కొక్క బైటుకు 3 గుర్తులు, మూడు బైట్లకు 9 గుర్తులు.

"వర్షమాపకం" అన్న మాట తీసుకోండి. మన కంటికి ఐదే అక్షరాలు. కంప్యూటరు మాత్రం వ, ర, పొల్లు, ష, మ, దీర్ఘం, ప, క, సున్న అని తొమ్మిదిగా లెక్కపెడుతుంది. తొమ్మిది తొమ్ముల ఎనభై ఒకటి! ఐదక్షరాల మాట లింకులో 81 గుర్తులవుతుంది.

ఆ అమ్మాయి పుస్తకంలో తప్పు ఎక్కడుందో తరువాత వెతికి పట్టుకున్నాం. "ష" అక్షరం లింకులో %ఈ0%బి0%బి7 అని ఉండాలి. ఈ, బి అన్నవి ఇంగ్లీషు అక్షరాలుగా ఉంటాయి. ఆమె తొందరలో రాసిన 7 అంకె 1లాగా ఉంది. చివర బి1 అని కొట్టింది. బి1 అంటే బండి ఱ! పాపం, సర్వరు "వర్ఱమాపకం" అనే పేజీకోసం వెతికింది. అటువంటిది ఈ భూమ్మీద ఎక్కడుంటుంది?

ఇంగ్లీషు లింకుల్లోనూ ఇటువంటి ప్రమాదాలున్నాయి. చిన్న ఎల్‌కూ 1 అంకెకూ, పెద్ద ఓకూ సున్నాకూ పోలిక ఎక్కువ. స్థలం పేరులో పెద్దక్షరమైనా చిన్నక్షరమైనా ఒకటే. ఒంటి గీత తరువాతి భాగంలో మాత్రం చాలా సర్వర్లు ఆ రెండింటినీ వేరువేరుగా చూస్తాయి. చేత్తో రాయడంలో ఉన్న అసలు లోపం ఏమిటంటే, ఒక్క గుర్తు తప్పినా చిరునామా అంతా తప్పే, పైగా తప్పింది ఏ గుర్తో తెలియదు.

తీగ, రేడియో, దూరపు సర్వరు

చేత్తో రాయకుండా పంపడానికి మొదటి దారి తీగ. లింకును ఒక చిన్న ఫైలులో దాచి, ఛార్జింగు తీగతో ఫోనును కంప్యూటరుకు కలిపి ఆ ఫైలును ఇటు తెచ్చుకోవచ్చు. ఇంటర్‌నెట్ లేకపోయినా ఇది పనిచేస్తుంది. 120 గుర్తుల లింకు అంటే 120 బైట్లు మాత్రమే. అదే లింకు కనబడేటట్టు తెరను ఫొటో తీస్తే లక్షల బైట్లవుతుంది, మామూలుగా ఆ ఫొటోమీద నొక్కితే పేజీ తెరుచుకోదు కూడా.

రెండో దారి రేడియో తరంగాలది. బ్లూటూత్ అనేది దాదాపు 2.4 గిగాహెర్ట్జ్ పౌనఃపున్యంలో పనిచేస్తుంది. కాంతి వేగాన్ని ఈ సంఖ్యతో భాగించండి. తరంగదైర్ఘ్యం పన్నెండున్నర సెంటీమీటర్లు వస్తుంది. మామూలు బ్లూటూత్ 79 మార్గాల మధ్య సెకనుకు 1600 సార్లు గెంతుతూ మాట్లాడుతుంది. ఒక మార్గంలో అడ్డంకి ఉంటే మరో మార్గంలో మాట వినబడుతుంది. ఈ పద్ధతిలో లింకు గది దాటి ఎక్కువ దూరం పోదు. కాని రెండు యంత్రాలలోనూ బ్లూటూత్ ఉండాలి, వాటికి ముందుగా పరిచయం చేయాలి.

మూడో దారి అందరూ వాడేదే. ఫోనులో లింకును కాపీ చేసి, మీకు మీరే ఈమెయిలుగానో సందేశంగానో పంపుకుని, కంప్యూటరులో తెరవడం. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఎడ్జ్ వంటి బ్రౌజర్లలో రెండు యంత్రాలలోనూ ఒకే ఖాతాతో ప్రవేశిస్తే, తెరిచిన పేజీని ఫోను నుంచి కంప్యూటరుకు నేరుగా పంపే సదుపాయం కూడా ఉంది.

నేరుగా అన్నానేగాని, నిజానికి ఇది నేరు దారి కాదు. లింకు మీ ఫోను నుంచి టవరుకు, అక్కడినుంచి గాజు తీగలగుండా ఎక్కడో ఉన్న సర్వరుకు వెళ్లి, మళ్లీ మీ పక్కనున్న కంప్యూటరుకు వస్తుంది. సముద్రం దాటి వచ్చినా ఆశ్చర్యం లేదు. గాజు తీగలో కాంతి సెకనుకు దాదాపు 2,00,000 కిలోమీటర్లు పోతుంది. 10,000 కిలోమీటర్ల ప్రయాణానికి సెకనులో ఇరవయ్యో వంతు చాలు. అందుకే జానెడు దూరమే వచ్చిందని మనం పొరబడతాం.

దారిలో దాన్ని ఎవరైనా చదవగలరా? అది పంపిన పద్ధతిమీద ఆధారపడి ఉంటుంది. కొన్ని పద్ధతుల్లో పంపే యంత్రమే పెట్టెకు తాళం వేస్తుంది, అందుకునే యంత్రం దగ్గర మాత్రమే తాళంచెవి ఉంటుంది. మధ్యనున్న సర్వరు మూసిన పెట్టెను మోస్తుందే తప్ప లోపల ఏముందో చూడలేదు. వాట్సాప్ సందేశాలు, ఫైర్‌ఫాక్స్‌లో పంపే పేజీలు ఇలాగే వెళతాయి. మామూలు ఈమెయిలు అలాకాదు. దాన్ని మోసే సంస్థ కావాలంటే చదవగలదు. వర్షమాపకం లింకును ఎవరు చూసినా నష్టం లేదు. తెరిచినవారికల్లా మీ సొంత కాగితాలు చూపించే లింకయితే మాత్రం ఆలోచించాలి. కొన్ని లింకుల చివర ఉండే పొడుగాటి అక్షరాల వరుసే తాళంచెవి. అటువంటి లింకు ఎవరి చేతిలో ఉంటే తలుపు వారికి తెరుచుకుంటుంది.

నలుపు తెలుపు గళ్లు

నాలుగో దారి మీరు కిరాణా కొట్టులో రోజూ చూసేదే, క్యూఆర్ కోడ్. జపానులోని డెన్సో సంస్థలో మసహిరో హారా, ఆయన సహచరులు 1994లో దీన్ని తయారుచేశారు. అప్పుడు వాళ్లు ఆలోచించింది లింకుల గురించి కాదు, కార్ల విడిభాగాలను లెక్కపెట్టడం గురించి. నల్లరాళ్లు, తెల్లరాళ్లు గళ్లమీద పెట్టి ఆడే గో ఆట తనకు దారి చూపిందని హారా చెప్పాడు.

అన్నింటికన్నా చిన్న క్యూఆర్ కోడ్‌లో ఒక్కొక్క వైపు 21 గళ్లు, అంటే మొత్తం 441 గళ్లు. అన్నింటికన్నా పెద్దదానిలో ఒక్కొక్క వైపు 177. మూడు మూలల్లో పెద్ద చతురస్రాలు ఉంటాయి, చూశారా? వాటిమధ్యగా ఎటునుంచి గీత గీసినా నలుపు, తెలుపు, నలుపు, తెలుపు, నలుపు 1:1:3:1:1 నిష్పత్తిలో వస్తాయి. ఇతర అచ్చు కాగితాలలో ఈ నిష్పత్తి చాలా అరుదని పరిశీలించి దీన్ని ఎంచుకున్నారు. అందువల్ల కోడ్ వంకరగా ఉన్నా, తలకిందులుగా ఉన్నా కెమెరా గుర్తుపడుతుంది.

దీని అసలు గొప్పతనం తప్పు దిద్దుకోవడంలో ఉంది. ఇర్వింగ్ రీడ్, గుస్తావ్ సాలమన్ అనే ఇద్దరు గణితజ్ఞులు 1960లో ఒక పద్ధతి ప్రచురించారు. అసలు సమాచారంతోపాటు దానినుంచి లెక్కకట్టిన అదనపు సంఖ్యల్ని కూడా పంపితే, దారిలో కొన్ని చెడిపోయినా మిగిలినవాటి సాయంతో పోయినవాటిని తిరిగి రాబట్టవచ్చు. వాయేజర్-2 నౌక 1986లో యురేనస్, 1989లో నెప్ట్యూన్ దగ్గర తీసిన బొమ్మలు ఈ లెక్క రక్షణతోనే మనకు చేరాయి. క్యూఆర్ కోడ్‌లోనూ అదే లెక్క. బలమైన రకంలో దాదాపు 30 శాతం సమాచారం చెడిపోయినా లింకు సరిగానే వస్తుంది. చేత్తో రాసిన లింకులో ఒక్క 7 అంకె మసకబారితే ఏమైందో చూశాం గదా!

అయితే ఇక్కడొక చిక్కుంది. కోడ్‌ను చదవాలంటే కన్ను కావాలి. ఫోనుకు కన్ను ఉంది, బడి కంప్యూటరుకు చాలాసార్లు ఉండదు. కాబట్టి కంప్యూటరు నుంచి ఫోనుకు లింకు తేవడం తేలిక, ఫోను నుంచి కంప్యూటరుకు కష్టం. మరి ఏం చేయాలి? ఇంజినీర్లు దీనికొక యుక్తి పన్నారు. 2015లో వచ్చిన వాట్సాప్ వెబ్‌ను చూడండి. కోడ్‌ను కంప్యూటరే తన తెరమీద చూపిస్తుంది. ఫోను దాన్ని చూసి, తను ఏ కంప్యూటరుతో మాట్లాడాలో తెలుసుకుంటుంది. ఆ పరిచయం కుదిరాక ఫోనులోని సందేశాలు, వాటిలోని లింకులు ఇంటర్‌నెట్ ద్వారా కంప్యూటరులో కనబడతాయి. కన్ను లేనివాడు తన పేరు పలకమీద రాసి చూపిస్తే, కన్నున్నవాడు చదివి పలకరించినట్టు!

లింకుతోపాటు రానివి

ఇంతకీ ఆ శనివారం ఏం జరిగిందంటే, నేను వాళ్ల నాన్నగారికి ఫోను చేశాను. ఆయన గట్టుమీద నిలబడి లింకును నా ఫోనుకు పంపారు. నేను దాన్ని నాకే ఈమెయిలు చేసుకుని, బడి కంప్యూటరులో తెరిచాను. పేజీ వచ్చింది. గంట కొట్టేలోపల బొమ్మ అచ్చు తీసింది ఆ అమ్మాయి.

ఆ తొందరలో నేనొక పొరపాటు చేశాను. సోమవారం ఉదయం ఎనిమిదో తరగతి కుర్రాడొకడు వచ్చి, "మాస్టారూ, మీ ఉత్తరాలన్నీ కంప్యూటరులో కనబడుతున్నాయి" అన్నాడు. ఖాతా మూయకుండానే ఇంటికి వెళ్లిపోయానన్నమాట! ఆ కుర్రాడు మంచివాడు కాబట్టి సరిపోయింది. పదిమంది వాడే యంత్రంలో మీ ఖాతా తెరిచినా, మీ ఫోనును పరిచయం చేసినా, లేచేముందు ఆ రెండూ మూసి తీరాలి. లింకుకోసం తెరిచిన తలుపు లింకుతోపాటే మూసుకోదు.

ఇంకొక సంగతి. ఫోనులో చక్కగా కనబడిన పేజీ కొన్నిసార్లు కంప్యూటరులో "పేరు, రహస్యపదం చెప్పు" అంటుంది. లింకు తప్పు కాదు. మీరెవరో గుర్తుంచుకునే చిన్న చీటీ ఒకటి ఫోనులోని బ్రౌజరులో ఉంది. దాన్ని కుకీ అంటారు. 1994లో లూ మాంటూలీ అనే ఇంజినీరు దీన్ని ప్రవేశపెట్టాడు. లింకు మిమ్మల్ని గ్రంథాలయం గుమ్మందాకా తెచ్చింది, సభ్యత్వం కార్డు వేరే చొక్కా జేబులో ఉండిపోయింది. అంతే!

అన్నింటికన్నా ముఖ్యమైనది, పేజీ లింకుతోపాటు రాదు. ప్రదర్శన ముగిసిన కొన్ని నెలలకు ఆ లింకునే మళ్లీ తెరిచాం. ఒక్క గుర్తు తప్పులేదు. అయినా 404! ఈసారి ఇంటి నంబరు సరైనదే, ఇల్లే లేదు. ఇది అరుదేమీ కాదు. అమెరికాలోని ప్యూ పరిశోధన కేంద్రం 2024లో ప్రకటించిన పరిశీలన ప్రకారం 2013లో ఉన్న వెబ్ పేజీలలో 38 శాతం పదేళ్లు తిరిగేసరికి దొరకకుండా పోయాయి. పాత పేజీల నకళ్లు దాచడానికి ఇంటర్‌నెట్ ఆర్కైవ్ అనే సంస్థ 1996 నుంచి పనిచేస్తోంది. కాని అన్ని పేజీలూ అక్కడా ఉండవు. ఆ అమ్మాయి అచ్చు తీసిన కాగితం మాత్రం మా ప్రయోగశాల గోడమీద ఇప్పటికీ ఉంది. చదువుకు పనికివచ్చే పేజీ అయితే లింకుతోపాటు దాని నకలు కూడా దాచుకోండి.

తలుపు తట్టేముందు

లింకు ఏ దారిన వచ్చినా, తెరిచేముందు స్థలం పేరు చదవండి. ఇక్కడొక కిటుకుంది. మన తపాలా చిరునామాలో ఇల్లు, వీధి, ఊరు, జిల్లా అని చిన్నదానినుంచి పెద్దదానికి వస్తాం. స్థలం పేరు కూడా అంతే, పెద్దది కుడివైపున ఉంటుంది. అందుచేత మొదటి ఒంటి గీతకు సరిగ్గా ముందున్న మాటలే ముఖ్యం. అవి "గవ్ డాట్ ఇన్" అయితే అది భారత ప్రభుత్వ పరిధిలోని స్థలం. అవే మాటలు పేరుకు ఎడమవైపున ఉండి, చివర మరేదో పేరు ఉంటే అది ప్రభుత్వానిది కాదు. ఉపకారవేతనం ఇస్తామని పిల్లలకు వచ్చే దొంగ లింకులు ఈ వేషమే వేస్తాయి. హెచ్‌టిటిపిఎస్ చివరనున్న ఎస్ దారిలో ఎవరూ చదవకుండా తాళం ఉందని మాత్రమే చెబుతుంది. తలుపు వెనక ఉన్నవాడు మంచివాడని చెప్పదు.

చేసి చూడండి

ఒకటి: మీ పేరును తెలుగులో రాసి, గుణింతపు గుర్తుల్ని, పొల్లుల్ని, సున్నలను కూడా విడివిడిగా లెక్కపెట్టండి. తొమ్మిదితో హెచ్చించండి. లింకులో మీ పేరు పొడవు వస్తుంది.

రెండు: మీ పాఠ్యపుస్తకంలో క్యూఆర్ కోడ్ ఉంటే, దాని మధ్యలో చిన్న కాగితపు ముక్క పెట్టి ఫోనుతో చదివించండి. ముక్కను కొంచెం కొంచెం పెద్దది చేస్తూ పోండి. ఎంతవరకు చదువుతుంది? అదే చిన్న ముక్కను మూలనున్న పెద్ద చతురస్రంమీద పెడితే ఏమవుతుంది? తేడా ఎందుకు వచ్చిందో మీరే ఆలోచించి రాయండి.

మూడు: ఒకే లింకును చేత్తో రాసి, తీగతో, సందేశంగా పంపి, ఒక్కొక్కదానికి పట్టిన సమయాన్ని, వచ్చిన తప్పుల్ని పట్టికలో వేయండి. ఏ దారి ఎప్పుడు మంచిదో మీ పట్టికే చెబుతుంది.